లేమన్, ఇంగె (1888–1993)

డెన్మార్క్ దేశపు భూకంప శాస్త్రవేత్త. భూమి కేంద్రమండలం అంతా ఒకే ద్రవరాశి కాదనీ, దాని నడుమ వేరే ధర్మాలు గల మరో గోళం ఉందనీ 1936లో మొదట ప్రతిపాదించినది ఆమె. ఆ గోళాన్నే నేడు అంతర కేంద్రమండలం అంటున్నాం. సుమారు 220 కిలోమీటర్ల లోతున భూకంప తరంగాల వేగం మారే హద్దుకు ఆమె పేరు మీద 'లేమన్ విచ్ఛిన్నతా తలం' అనే పేరు నిలిచింది. గణితం చదివి, బీమా లెక్కలు చేసి, ముప్పై ఏడవ ఏట భూకంప శాస్త్రంలోకి వచ్చిన ఆమె ఉద్యోగ జీవితం, భూగర్భాన్ని శోధించే శాస్త్రవేత్త ఏ పనిముట్లతో, ఏ పద్ధతిలో పనిచేస్తారో తెలుసుకోవడానికి మంచి ఉదాహరణ.

బాల్యం, చదువు

ఇంగె లేమన్ 1888 మే 13న కోపెన్‌హేగన్‌లో పుట్టారు. తండ్రి ఆల్ఫ్రెడ్ లేమన్ డెన్మార్క్‌లో ప్రయోగాత్మక మనస్తత్వ శాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకరు. ఇంగె చదివిన పాఠశాలను హన్నా ఆడ్లర్ నడిపేవారు. ఈమె భౌతిక శాస్త్రవేత్త నీల్స్ బోర్ తల్లికి సోదరి. ఆ బడిలో ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకే పాఠాలు, ఒకే ఆటలు, ఒకే చేతిపనులు. తెలివితేటల్లో ఆడామగా తేడా ఉంటుందనే మాట అక్కడ వినపడలేదని, బయటి ప్రపంచం అలా లేదని తరువాత తెలిసి నిరాశపడ్డానని లేమన్ పెద్దతనంలో చెప్పుకున్నారు.

పదిహేను పదహారేళ్ల వయసులో ఒక ఆదివారం ఉదయం ఇంట్లో నేల కదలడం, పైన వేలాడే దీపం ఊగడం ఆమె చూశారు. డెన్మార్క్‌లో భూకంపం అరుదు. ఆ తరువాత ఇరవై ఏళ్లకు గానీ ఆ విషయంతో ఆమెకు మళ్లీ పని పడలేదు.

1907లో కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయంలో గణితంలో చేరారు. 1910లో కేంబ్రిడ్జికి వెళ్లి న్యూన్‌హామ్ కళాశాలలో ఉన్నారు. అప్పట్లో కేంబ్రిడ్జిలో స్త్రీలు చదవవచ్చు, పరీక్షలు రాయవచ్చు, కానీ పట్టా ఇచ్చేవారు కాదు. ఆ ఆంక్ష 1948 వరకూ సాగింది. ప్రవేశ పరీక్షల కోసం పడ్డ శ్రమకు ఆరోగ్యం దెబ్బతిని లేమన్ 1911 చివర ఇంటికి తిరిగివచ్చారు. కొన్నేళ్లు చదువు మాని ఒక బీమా లెక్కల కార్యాలయంలో పనిచేశారు. 1918లో మళ్లీ విశ్వవిద్యాలయంలో చేరి 1920లో గణిత పట్టా పూర్తిచేశారు. 1923లో అదే విశ్వవిద్యాలయంలో బీమా గణిత ఆచార్యుడు స్టెఫెన్‌సెన్‌కు సహాయకురాలయ్యారు.

ఈ మధ్యకాలాన్ని జీవిత చరిత్రల్లో తరచుగా వృథా అయిన కాలంగా చూపుతారు. అది సరికాదు. చెల్లాచెదురైన అంకెల నుంచి నమ్మదగిన సగటును రాబట్టడం, ఏ పరిశీలనను ఎంతవరకు నమ్మాలో తూచడం బీమా గణితంలో దినచర్య. తరువాత భూకంప పట్టికలతో ఆమె చేసింది అదే పని.

భూకంప శాస్త్రంలో ప్రవేశం

1925లో డెన్మార్క్ భూమాపన సంస్థ అధిపతి, గణితవేత్త నీల్స్ ఎరిక్ నోర్లుండ్ ఆమెను సహాయకురాలిగా తీసుకున్నారు. కోపెన్‌హేగన్‌లోనూ, అప్పుడు డెన్మార్క్ ఏలుబడిలో ఉన్న గ్రీన్‌లాండ్‌లో ఇవిగ్టుట్, స్కోర్స్‌బీసుండ్ అనే చోట్లా భూకంప కేంద్రాలు నెలకొల్పడం ఆ పథకం. అంతకుముందు ఆమె భూకంపలేఖినిని చూసి ఎరుగరు. యంత్రాలను అమర్చుతూనే శాస్త్రాన్ని సొంతంగా చదువుకున్నారు. 1927లో మూడు నెలల పాటు యూరప్‌లోని పరిశోధన కేంద్రాలు తిరిగారు. అందులో ఒక నెల జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో బెనో గూటెన్‌బెర్గ్ వద్ద గడిపారు. కేంద్రమండలం లోతును లెక్కగట్టినవారు ఈ గూటెన్‌బెర్గే.

1928లో భూమాపన శాస్త్రంలో ఉన్నత పట్టా పొంది, అదే ఏడు డెన్మార్క్ భూమాపన సంస్థలో భూకంప విభాగానికి అధిపతి అయ్యారు. 1953 వరకూ, అంటే పాతికేళ్లు, ఆ పదవిలో ఉన్నారు. యంత్రాలు సరిగా నడిచేలా చూడటం, నమోదైన పటాలను చదివి తరంగాలు వచ్చిన వేళలు రాయడం, ఆ వివరాలను ప్రకటనలుగా అచ్చువేసి ఇతర దేశాలకు పంపడం ఆమె విధి. పరిశోధన ఆ విధుల్లో లేదు. చేసుకుంటే ఎవరూ వద్దనలేదు, అంతే. ఆ కాలంలో చాలా ఏళ్లు డెన్మార్క్ మొత్తానికీ ఉన్న భూకంప శాస్త్రవేత్త ఆమె ఒక్కరే.

పూర్వరంగం: 1936 నాటికి భూగర్భం గురించి తెలిసినది

భూమి వ్యాసార్ధం సుమారు 6,371 కిలోమీటర్లు. మనిషి తవ్విన అతి లోతైన బోరు, రష్యాలోని కోలా ద్వీపకల్పంలోనిది, 12,262 మీటర్లు మాత్రమే. కాబట్టి లోపలి సంగతి పరోక్ష సాక్ష్యంతోనే తెలియాలి. భూమి సగటు సాంద్రత నీటి కన్నా ఐదున్నర రెట్లు. పైనున్న రాళ్ల సాంద్రత సుమారు మూడు రెట్లే. అడుగున బరువైన పదార్థం ఉండి తీరాలన్న తర్కంతో జర్మన్ శాస్త్రవేత్త ఎమిల్ వీచర్ట్ 1890ల చివర్లో ఇనుప కేంద్రాన్ని ఊహించారు.

తరంగాల సాక్ష్యం తొలి మెట్టు భారతదేశంలో పడింది. 1897 జూన్ 12న అస్సాంను కుదిపేసిన మహాభూకంపాన్ని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ అధికారి రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ పరిశోధించారు. దూర దేశాల యంత్రాల్లో అది మూడు తెరలుగా నమోదైందని ఆయన గుర్తించారు. ముందు వచ్చేవి ప్రాథమిక తరంగాలు, తరువాతవి ద్వితీయ తరంగాలు, చివరివి ఉపరితల తరంగాలు. 1906లో ఆయనే భూమికి వేరైన కేంద్రమండలం ఉందని తరంగాల ఆధారంగా చూపారు. గూటెన్‌బెర్గ్ 1910ల్లో దాని పైహద్దును సుమారు 2,900 కిలోమీటర్ల లోతున నిర్ణయించారు. 1926లో బ్రిటిష్ శాస్త్రవేత్త హెరాల్డ్ జెఫ్రీస్, ఆటుపోట్ల బలానికి భూమి సాగే తీరును బట్టి కేంద్రమండలం ద్రవరూపంలో ఉందని వాదించారు. పైన పలుచని భూపటలం, దాని కింద గట్టి ప్రావారం, నడుమ ద్రవ కేంద్రమండలం: 1930ల తొలినాళ్లలో భూమి చిత్రం ఇదీ.

ఛాయా ప్రాంతం: సమస్య స్వరూపం

ప్రాథమిక తరంగాలు (పి తరంగాలు) ఘన, ద్రవ పదార్థాల్లో రెంటిలోనూ సాగుతాయి. పదార్థం ముందుకూ వెనక్కూ నొక్కుకుంటూ సాగే కదలిక ఇది. ద్వితీయ తరంగాలు (ఎస్ తరంగాలు) అడ్డంగా కదిలిస్తాయి. ద్రవాల్లో ఇవి సాగవు.

పి తరంగం ప్రావారం అడుగున సెకనుకు 13 కిలోమీటర్లకు పైగా వేగంతో వస్తుంది. ద్రవ కేంద్రమండలంలో అడుగుపెట్టగానే ఆ వేగం 8 కిలోమీటర్ల దగ్గరకు పడిపోతుంది. వేగం తగ్గిన కిరణం లోపలికి వంగుతుంది, గాలిలోంచి నీటిలోకి వెళ్లే వెలుగు వంగినట్టే. దాని ఫలితంగా భూకంపం వచ్చిన చోటికి సుమారు 103 డిగ్రీల నుంచి 143 డిగ్రీల కోణీయ దూరం వరకూ, అంటే ఉపరితలం మీద దాదాపు 11,500 నుంచి 15,900 కిలోమీటర్ల దూరంలో ఉన్న వలయానికి, నేరుగా పి తరంగాలు అందవు. ఈ వలయమే ఛాయా ప్రాంతం. కేంద్రమండలం గుండా సాగి 143 డిగ్రీల అవతల పైకి తేలే తరంగాలను అప్పట్లో పి′ అని రాసేవారు. దీన్ని పి-ప్రైమ్ అని చదవాలి.

చిక్కు ఏమిటంటే, నీడలో ఉండాల్సిన కేంద్రాల్లోనూ పి′ తరంగాలు సన్నగా నమోదవుతూ వచ్చాయి. వీటికి గూటెన్‌బెర్గ్ వంటివారు చెప్పిన సమాధానం వివర్తనం. అడ్డు అంచు దగ్గర వెలుగు కాస్త పక్కకు పాకినట్టు, 143 డిగ్రీల దగ్గర కేంద్రీకృతమైన శక్తి కొంత నీడలోకి పాకుతోందని. అనుమానించడానికి కారణం కనబడని సమాధానం అది, చాలామంది ఒప్పుకున్నారు కూడా.

న్యూజిలాండ్ భూకంపం, పి′ వ్యాసం

1929 జూన్ 17న న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలో మర్చిసన్ పట్టణ సమీపాన పెద్ద భూకంపం వచ్చింది. పదిహేడుమంది చనిపోయారు. యూరప్‌కు న్యూజిలాండ్ దాదాపు భూగోళం అవతలి వైపు. అక్కడ పుట్టిన తరంగం యూరప్ యంత్రాలకు చేరాలంటే భూమి నడిబొడ్డు గుండా రావాల్సిందే. కోపెన్‌హేగన్ మర్చిసన్‌కు సుమారు 161 డిగ్రీల దూరంలో ఉంది. సోవియట్ దేశంలోని ఇర్కుట్స్క్ సుమారు 111 డిగ్రీలు, స్వెర్డ్‌లోవ్స్క్ సుమారు 135 డిగ్రీలు. ఆ రెండూ నీడలోనివే.

భూమి లోతుల నుంచి వచ్చే తరంగం దాదాపు నిట్టనిలువుగా పైకి తేలుతుంది. అందువల్ల నేల అడ్డంగా ఊగడాన్ని నమోదుచేసే యంత్రం దాన్ని పట్టలేదు, నిలువు కదలికను కొలిచే యంత్రం కావాలి. రష్యన్ శాస్త్రవేత్త గాలిట్సిన్ పద్ధతిలో చేసిన నిలువు యంత్రాలు సోవియట్ కేంద్రాల్లో ఉన్నాయి. వాటి పటాల్లో, ఏమీ ఉండకూడని వేళల్లో, స్పష్టమైన కదలికలు లేమన్‌కు కనిపించాయి. నీడలోకి పాకిన వివర్తన తరంగం దూరం పెరిగేకొద్దీ గబగబా క్షీణించాలి. ఇవి అలా లేవు.

ఇక్కడ ఆమె చేసిన ఊహ సరళమైనది. భూమిని అతి తేలిక నమూనాగా తీసుకున్నారు. ప్రావారంలో వేగం అంతటా సెకనుకు 10 కిలోమీటర్లు, కేంద్రమండలంలో 8 కిలోమీటర్లు. వేగం మారని చోట కిరణం సరళరేఖే కాబట్టి త్రికోణమితితోనే ప్రయాణ కాలాలు లెక్క వేయవచ్చు. అసలు భూమిలో వేగాలు లోతుతో మారుతాయని ఆమెకు తెలుసు. అయినా ఒక్క ప్రశ్నను విడదీసి చూడటానికి ఆ వివరాలను పక్కన పెట్టారు. అలాంటి నమూనాలో నీడలోని తరంగాలకు చోటు లేదని తేలాక, కేంద్రమండలం నడుమ వేగం కొంచెం ఎక్కువగా, 8.6 కిలోమీటర్లుగా ఉన్న చిన్న గోళాన్ని ఉంచారు. ఆ గోళాన్ని తాకిన కిరణాలు కొన్ని పరావర్తనం చెంది, కొన్ని వక్రీభవించి, 143 డిగ్రీల కన్నా దగ్గర దూరాల్లోనే పైకి తేలాయి. లెక్కకు వచ్చిన వేళలు, యంత్రాలు రాసిన వేళలు సరిపోయాయి. ఆ గోళం వ్యాసార్ధం సుమారు 1,400 కిలోమీటర్లని ఆమె తొలి అంచనా.

ఈ ఫలితాన్ని 1936లో అంతర్జాతీయ భూకంప కేంద్ర కార్యాలయం ప్రచురణల్లో ప్రకటించారు. వ్యాసం పేరు 'పి′' మాత్రమే. శాస్త్ర వ్యాసాల చరిత్రలో ఇంత పొట్టి పేరు గలవి అరుదు. అందులో ఆమె తన గోళాన్ని నిరూపించానని అనలేదు. కనిపించిన వాటిని వివరించగల ఊహగా మాత్రమే దాన్ని చదువరుల ముందుంచారు. అది ఘనపదార్థమని కూడా అప్పుడు చెప్పలేదు.

ఆమోదం, నిర్ధారణ

వివర్తన వాదం పట్టుకున్న గూటెన్‌బెర్గ్, అమెరికాలో తన సహచరుడు ఛార్లెస్ రిక్టర్‌తో కలిసి 1938లోనే లేమన్ ప్రతిపాదనను అంగీకరించి, వ్యాసార్ధాన్ని సుమారు 1,200 కిలోమీటర్లకు సవరించారు. జెఫ్రీస్ 1939లో వివర్తనం ఆ తరంగాలను వివరించలేదని గణితంతో చూపారు. ఫ్రాన్సిస్ బర్చ్ 1940లో, కీత్ బుల్లెన్ 1946లో లోపలి గోళం ఘనరూపంలో ఉంటుందని వాదించారు. ఇనుము అక్కడ అతి వేడిగా ఉన్నా పైనుంచి పడే ఒత్తిడి దాన్ని గడ్డకట్టించి ఉంచుతుంది. భూమి కేంద్రం వద్ద ఆ ఒత్తిడి వాతావరణ పీడనానికి సుమారు 36 లక్షల రెట్లు. 1971లో ఆడమ్ జివోన్‌స్కీ, ఫ్రీమన్ గిల్బర్ట్‌లు పెద్ద భూకంపాల తరువాత భూమి మొత్తం గంటలా మోగే కంపనాలను విశ్లేషించి అది ఘనమేనని గట్టి ఆధారం ఇచ్చారు.

1981లో జివోన్‌స్కీ, డాన్ ఆండర్సన్ తయారుచేసిన ప్రామాణిక భూనమూనాలో అంతర కేంద్రమండలం వ్యాసార్ధం 1,221.5 కిలోమీటర్లు. దాని హద్దు సుమారు 5,150 కిలోమీటర్ల లోతున ఉంది. లేమన్ తొలి అంచనాకూ దీనికీ తేడా 180 కిలోమీటర్ల లోపే. స్థిరవేగాల నమూనాతో, చేతి లెక్కతో వచ్చిన అంకెకు ఇది చెప్పుకోదగ్గ దగ్గరతనం.

పని విధానం

కంప్యూటర్లు లేని రోజుల్లో ఒక భూకంపాన్ని చదవడమంటే ప్రపంచం నలుమూలల నుంచి తెప్పించిన పొగకాగితపు, ఫొటో కాగితపు పటాలను బల్లమీద పరచి ఒక్కొక్క గీతను కళ్లతో వెదకడమే. ఇతర కేంద్రాలు అచ్చువేసి పంపిన వేళలను లేమన్ వీలైనంతవరకూ సరాసరి వాడుకునేవారు కాదు. అసలు పటాలు తెప్పించి తానే మళ్లీ చదివేవారు. గడియారాల తప్పు, చదివినవారి తప్పు పటంలోనే దొరుకుతాయి, పట్టికలో దొరకవు. యూరప్ కేంద్రాల్లో ఏది ఎంత నమ్మదగినదో పోల్చి ఆమె రాసిన తొలి వ్యాసాల్లోనే ఈ పట్టుదల కనిపిస్తుంది.

ఇంటి తోటలో పెద్ద బల్ల వేసుకుని, ఓట్స్ అట్టపెట్టెల నిండా చీటీలతో ఆమె కూర్చునేవారని దగ్గరి బంధువు ఒకరు గుర్తుచేసుకున్నారు. ఒక్కో చీటీ మీద ఒక భూకంపం, తేదీ, ప్రపంచ కేంద్రాల్లో దాని తరంగాలు చేరిన వేళలు రాసి ఉండేవట. సహాయకులు లేని ఒంటరి విభాగాధిపతికి ఆ అట్టపెట్టెలే సమాచార నిధి. జెఫ్రీస్‌తో ఆమె సాగించిన ఉత్తర ప్రత్యుత్తరాలు ఏళ్ల తరబడి నడిచాయి. 1940లో వెలువడి, ప్రపంచమంతా దశాబ్దాల పాటు వాడిన జెఫ్రీస్–బుల్లెన్ ప్రయాణ కాల పట్టికలు తయారైన కాలమూ అదే.

విరమణ తరువాత: ప్రావారం పైభాగం

1952లో కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయంలో భూభౌతిక శాస్త్ర ఆచార్య పదవికి ఆమె పేరు పరిశీలనకు వచ్చింది గానీ నియామకం జరగలేదు. మరుసటి ఏడు ఆమె ఉద్యోగ విరమణ చేశారు. అప్పటికి వయసు 65.

ఆఫీసు బాధ్యతలు తీరాక పరిశోధన పెరిగింది. అమెరికాలో న్యూయార్క్ సమీపాన లామాంట్ పరిశోధనాలయంలో మారిస్ యూయింగ్ ఆహ్వానంపై ఎన్నో నెలలు పనిచేశారు. పాసడీనా, బర్క్లీ, కెనడాలోని ఒట్టావా కేంద్రాల్లోనూ గడిపారు. ఈసారి దృష్టి నడిబొడ్డు మీద కాదు, పై కొన్ని వందల కిలోమీటర్ల మీద. సహజ భూకంపం ఎక్కడ, ఏ క్షణాన పుట్టిందో అంచనా వేసుకోవాలి. భూమి లోపల జరిపిన అణు పరీక్షలకు ఆ రెండూ కచ్చితంగా తెలుసు కాబట్టి వాటి తరంగాలను ఆమె ప్రావారాన్ని కొలవడానికి వాడారు. 1959లోనూ, 1960ల్లోనూ అచ్చైన వ్యాసాల్లో సుమారు 220 కిలోమీటర్ల లోతున వేగం హఠాత్తుగా పెరుగుతుందని చూపారు. ఈ హద్దు ఖండాల కింద బాగా కనిపిస్తుంది, మహాసముద్రాల కింద అంత స్పష్టంగా ఉండదు. అందువల్ల అది భూగోళమంతా ఉందా అన్న చర్చ శాస్త్రవేత్తల్లో సాగింది. చివరి వ్యాసం, పాతకాలపు భూకంప శాస్త్రం మీద జ్ఞాపకాలు, 1987లో వెలువడింది. ఆమెకు అప్పుడు 98 ఏళ్లు.

అంతర కేంద్రమండలం: ప్రాముఖ్యం, కొనసాగిన పరిశోధన

భూమి నెమ్మదిగా చల్లారుతోంది. బాహ్య కేంద్రమండలంలోని ద్రవ ఇనుము అంతర కేంద్రమండలం ఉపరితలం మీద కొద్దికొద్దిగా గడ్డకడుతోంది. అప్పుడు గుప్తోష్ణం వెలువడుతుంది, ఇనుముతో కలిసి గడ్డకట్టని తేలిక మూలకాలు పైకి తేలుతాయి. ఈ రెండూ ద్రవాన్ని కలియబెడతాయి. విద్యుత్తును ప్రవహింపజేసే ఆ ద్రవం కదలికే భూమి అయస్కాంత క్షేత్రాన్ని నిలబెడుతుంది. సూర్యుని నుంచి వచ్చే ఆవేశిత కణాలను దారి మళ్లించేది ఆ క్షేత్రమే. అంటే 1929 నాటి పటాల్లోని సన్నని గీతలు దిక్సూచి ముల్లును తిప్పే శక్తి మూలం దాకా దారిచూపాయి.

అంతర కేంద్రమండలంలో తరంగాలు ఉత్తర దక్షిణ దిశలో కాస్త వేగంగా సాగుతాయని 1980ల్లో తేలింది. అది మిగతా భూమి కన్నా భిన్నమైన రేటులో తిరుగుతోందని 1996లో షియాడాంగ్ సాంగ్, పాల్ రిచర్డ్స్ వాదించారు. ఆ రేటు మీద చర్చ ముగియలేదు. దాని నడుమ ఇంకో లోపలి పొర ఉందని 2002లో మియాకి ఇషీ, జివోన్‌స్కీ ప్రతిపాదించారు.

ఈ పరిశోధనకు కావలసిన పటాలు అందించే కేంద్రాల్లో తెలుగు నేల మీదిదీ ఒకటుంది. 1961లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆవరణలోని భూకంప కేంద్రం ఫ్రాన్స్ నడిపే జియోస్కోప్ ప్రపంచ వలయంలో భాగస్వామి. దాని గుర్తు హెచ్‌వైబీ.

పదవులు, గౌరవాలు

1936లో డెన్మార్క్ భూభౌతిక సంఘాన్ని స్థాపించినవారిలో లేమన్ ఒకరు. 1940ల్లో దాని అధ్యక్షురాలిగానూ ఉన్నారు. 1950లో యూరప్ భూకంప శాస్త్రజ్ఞుల సంఘానికి తొలి అధ్యక్షురాలయ్యారు. 1938లో, మళ్లీ 1967లో టాగియా బ్రాంట్ పురస్కారం అందుకున్నారు. 1964లో జర్మన్ భూభౌతిక సంఘం ఎమిల్ వీచర్ట్ పతకాన్ని, కొలంబియా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటును ఇచ్చాయి. 1968లో కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1969లో లండన్ రాయల్ సొసైటీ విదేశీ సభ్యురాలిగా ఎన్నికయ్యారు. 1971లో అమెరికా భూభౌతిక సంఘం అత్యున్నత గౌరవమైన విలియం బోవీ పతకం పొందిన తొలి మహిళ ఆమె. 1977లో అమెరికా భూకంప శాస్త్ర సంఘం పతకం వచ్చింది.

ఆమె పెళ్లి చేసుకోలేదు. 1993 ఫిబ్రవరి 21న, 104 ఏళ్ల వయసులో, కోపెన్‌హేగన్‌లో కన్నుమూశారు. భూప్రావారం, కేంద్రమండలాల నిర్మాణంపై విశిష్ట కృషికి ఇచ్చేందుకు అమెరికా భూభౌతిక సంఘం 1995లో ఇంగె లేమన్ పతకాన్ని నెలకొల్పింది. 5632 సంఖ్య గల గ్రహశకలానికి ఆమె పేరుంది. కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయం పాత ప్రధాన భవనం ఎదుట, ఫ్రూ ప్లాడ్స్ కూడలిలో, 2017లో ఆమె స్మారకాన్ని ప్రతిష్ఠించారు.